నలభై రెండు సెకన్ల చీకటి

"పోలీసులతో నేను చెప్పింది అబద్ధం బాబూ" అన్నాడు ఎమిల్ టౌబెర్.

నేను పెన్సిలు కింద పెట్టాను. జైలు ములాఖత్ గదిలో గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. మధ్యాహ్నం రెండింటికి అతన్ని జడ్జి ముందు నిలబెడతారు. హుల్డా నీల్సన్‌ను చంపాడన్న నేరం అక్కడ మోపారంటే ఆ తర్వాత జరిగేదంతా లాంఛనమే. చివర ఉన్నది ఉరి.

"ఏ ముక్క అబద్ధం?"

"కొత్త ప్లేటు వేశానన్నాను. వెయ్యలేదు."

ఎమిల్‌కు అరవై ఒక్క ఏళ్లు. ఆల్డన్‌రిడ్జ్ స్టూడియో ప్రివ్యూ హాల్లో ఆపరేటరు. అతని తరఫున ఆరా తియ్యడానికి నన్ను పెట్టింది ఆపరేటర్ల యూనియన్. రెండు రోజులుగా నేను అడుగుతున్నా, అతను వంచిన తల ఎత్తలేదు. ఇవాళ ఎత్తాడు. ఒక్కడే రెండు రాత్రులు జైలు కొట్లో పడుకున్న మనిషి కళ్లు అవి.

గురువారం సాయంత్రం జరిగింది నాకు కంఠస్థమైపోయింది. ఆ మేడ మీద ఉన్నవి మూడే గదులు. ప్రివ్యూ హాలు, దాని వెనక కొన్ని మెట్లెక్కితే ఎమిల్ బూత్, బూత్ పక్కన హుల్డా కటింగ్ రూమ్. నాలుగూ ఐదుకు హుల్డా ఫోనులో మాట్లాడింది. నాలుగూ ఎనిమిదికి ఎమిల్ 'పొరుగింటి దీపం' ఏడో రీలు మొదలుపెట్టాడు. నాలుగూ పద్దెనిమిదికి రీలు అయిపోయింది. నాలుగూ ఇరవై ఐదుకు డబ్బాలు ఇవ్వడానికి పక్క గదిలోకి వెళ్లి, హుల్డా నేల మీద పడి ఉండటం చూసి కేక పెట్టాడు. ఫిలిం చుట్టే యంత్రం ఇనప పిడి ఆమె తల పక్కనే ఉంది. హాల్లో కూర్చుని ఆ రీలు చూసింది ఒక్కడే, స్టూడియో తరఫున సెన్సార్ వ్యవహారాలు చూసే లైల్ క్రాండల్. తను కుర్చీలోంచి లేవలేదని, ఆపరేటరు బూత్‌లో ఉన్నాడో లేడో తనకు తెలియదని అతను వాంగ్మూలం ఇచ్చాడు. పోలీసులకు అది చాలింది.

"కొత్త ప్లేటు ఏమైంది?"

"నా చేతిలోంచే జారింది. గురువారం మూడింటికి. సరిగ్గా పాట మొదలయ్యే చోట, నడిమధ్యలో చీలింది. ముల్లు పెడితే అక్కడే ఎగిరిపోతుంది."

"మరి రీలు నడిచిందిగా?"

"పాతది వేశాను."

ఆల్డన్‌రిడ్జ్ వాళ్ల సినిమాల్లో మాట ఫిలిం మీద ఉండదు. బొమ్మ ఫిలిం మీద, గొంతు గ్రామఫోను ప్లేటు మీద. వడ్డించే పళ్లెమంత ప్లేటు యంత్రంతోపాటు తిరుగుతుంది. ఫిలింలో జానెడు ముక్క తీసినా పెదవి ఒకచోట, మాట ఒకచోట అయిపోతాయి. అందుకని సెన్సార్ వాళ్లు ఏదైనా దృశ్యం తీసెయ్యమంటే, తీసినంత పొడవూ నల్ల ఫిలిం కొలిచి అతుకుతారు. తెర చీకటిగా ఉంటుంది, లెక్క తప్పదు. కానీ ప్లేటుకు కత్తెర పనిచెయ్యదు. ఆ చోట మాట ఉండకూడదంటే, మౌనం నింపిన కొత్త ప్లేటు పోయించాలి.

"పాతవన్నీ పగలగొట్టారు కదయ్యా" అన్నాను. "క్రాండల్ దగ్గరుండి మరీ పగలగొట్టించాడు. మూల అచ్చుతో సహా. సెన్సార్ బోర్డుకు కాగితం కూడా రాసిచ్చారు."

"ఒకటి దాచాను."

"ఎందుకు?"

తన చేతులు చూసుకున్నాడు. వేళ్ల చివర ఊదారంగు మరకలు ఇంకా పోలేదు.

"మధ్యాహ్నం అందరూ క్యాంటీనుకు పోతారు బాబూ. నేను బూత్‌లోనే తింటాను. మా ఆవిడ పోయి పదకొండేళ్లయింది. తినేటప్పుడు ఒక మనిషి గొంతు వినబడితే మెతుకు దిగుతుంది. ఫిలిం లేకుండా ప్లేటు ఒక్కటే వేసుకునేవాణ్ణి. హుల్డా కూడా తన రొట్టె పట్టుకుని వచ్చేది. మాట్లాడుకునేది ఏమీ లేదు. ప్లేటులో ఆ పిల్ల మాట్లాడుతుంటే మేం ఇద్దరం వినేవాళ్లం, అంతే."

"గురువారం మధ్యాహ్నం మీరిద్దరూ గొడవపడ్డారని కింద స్టోరువాడు చెప్పాడు."

"దాని గురించే. ఆ ప్లేటు ఇచ్చెయ్యి ముసలాయనా, దొరికితే నీ లైసెన్సు పోతుంది, బోర్డు సినిమానే ఆపేస్తుంది అని తిట్టింది. నాకు పౌరుషం వచ్చింది. నీ కత్తిరింపుల సంగతి నువ్వు చూసుకో అన్నాను." వేలి మరక గోటితో గీకాడు. "అదే చివరి మాట."

"కత్తిరింపుల సంగతేమిటి?"

"తను కత్తిరించిన ముక్కలు ఎవరో ఎత్తుకుపోతున్నారని వారంగా అంటోంది. ఆ ముక్కలు పది రోజుల్లో బోర్డుకు తిరిగి పంపాలి. డబ్బా పట్టుకోగానే బరువు తెలిసిపోతుంది హుల్డాకి. క్రాండల్‌గారిని అడుగుతానంది."

నేను జేబులోంచి క్రాండల్ వాంగ్మూలం నకలు తీశాను. శుక్రవారం పొద్దున సంతకం చేసింది. అందులో ఒక చోట వేలు పెట్టి పైకి చదివాను.

"'అయిదో నిమిషం దాటాక నల్ల ఫిలిం వచ్చింది. నలభై రెండు సెకన్లు తెర పూర్తిగా చీకటి. చిన్న చప్పుడు కూడా లేదు. నా చేతి గడియారం నడక నాకే వినిపించింది. పని సరిగా జరిగిందని తృప్తిపడ్డాను.'"

ఎమిల్ నా వైపు వెర్రిగా చూశాడు.

"చప్పుడు లేకపోవడమేమిటి బాబూ? ఆ నలభై రెండు సెకన్లూ ఆ పిల్ల మాట్లాడుతూనే ఉందిగా."

"నువ్వు విన్నావా?"

"ప్లేటు పక్కనే నిలబడ్డాను. తెర చీకటైనప్పుడు ముల్లు జారితే కంటికి తెలీదు, చెవితోనే పట్టుకోవాలి. ఆ కాసేపూ బూత్ వదలడం కుదరదు. క్రాండల్‌గారు పైకొచ్చి కొడతాడేమోనని తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను. రాలేదు. ఏమీ అనలేదు. బతికిపోయాననుకున్నాను."

"ఈ మాట ముందే చెప్పి ఉంటే!"

"ఆయన ఏం చెప్పాడో నాకెవరు చెప్పారు?"

నేను వాంగ్మూలం మడిచాను. అతను మళ్లీ అన్నాడు, "ప్లేటు దాచానని చెబితే సినిమా ఆగిపోతుంది. నా మూలంగా రెండు వందలమంది పని ఆగిపోతుంది. అందుకే కొత్తది వేశానన్నాను."

రెండు వందలమంది పని కోసం తన మెడ ముందుకు చాచాడు ఈ మనిషి. అది కూడా ఎవరితోనూ అనకుండా.

"ఆ ప్లేటు ఎక్కడుంది?"

"అరుగుడు ప్లేట్ల అరలో అట్టడుగున. 'వార్తలు' అని రాసిన కవరులో."

*

జైలు గేటు దగ్గర ఫోను నుంచి స్టూడియో ప్లేట్ల గదికి చేశాను. అక్కడ గుమాస్తా మిస్ పర్డీ. హుల్డాతో ఆఖరున మాట్లాడింది ఆవిడే.

"గురువారం ఎమిల్ మీ దగ్గరికి వచ్చాడామ్మా?"

"లేదండీ."

"మిస్ పర్డీ, అతను మీకు చెప్పొద్దని చెప్పి ఉంటాడు. రెండింటికి జడ్జి ముందు నిలబెడుతున్నారు అతన్ని."

అటువైపు తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"మూడుంపావుకి వచ్చాడండీ. టోపీ చేత్తో పట్టుకుని. 'పొరుగింటి దీపం' ఏడో ప్లేటు ఇంకోటి ఉందా తల్లీ అన్నాడు. ఒక్కటే వచ్చింది, ఇంకోటి సోమవారానికి గానీ రాదన్నాను. ఎవరికీ చెప్పకమ్మా అన్నాడు. మాటిచ్చాను."

"అంటే నాలుగింటికి అతని దగ్గర వెయ్యడానికి పనికొచ్చే కొత్త ప్లేటు లేదు."

"ఎలా ఉంటుందండీ?"

"హుల్డా ఫోన్ చేసింది దేనికి?"

"క్రాండల్‌గారు ఎక్కడున్నారని. మీ పక్కన హాల్లోనే కూర్చుంటారు కదా అన్నాను. సరే, ఆయన బయటికి వచ్చేదాకా తలుపు తీసి పెట్టుకుని కూర్చుంటాను, ఇవాళ తేల్చుకోవాలి అంది." ఆవిడ గొంతు తగ్గింది. "ఎదురుచూస్తూ కూర్చుందండీ. పాపం."

*

స్టూడియో చేరేసరికి పదిన్నర. బూత్‌లో ఎమిల్ బదులు జెస్సప్ అనే ఆపరేటరును పెట్టారు. యూనియన్ చీటీ చూపించాక తలుపు తీశాడు.

"ఎమిల్ తాత మంచోడు సార్. మొన్న నాకు దగ్గు వస్తే తేనె తెచ్చిచ్చాడు. అలాంటోడు ఇనప పిడి ఎత్తాడంటే..."

"ఎత్తలేదు. అరుగుడు ప్లేట్ల అర ఏదీ?"

అట్టడుగు కవరులో ప్లేటు ఉంది. చీటీ మీద 'పొరుగింటి దీపం, ఏడు'. ప్రతి ప్లేటు చీటీ మీదా ఇరవై గళ్లు అచ్చేసి ఉంటాయి. వేసినప్పుడల్లా ఆపరేటరు ఒక గడి కొట్టెయ్యాలి. ఇరవై నిండితే గరగర మొదలవుతుంది, ప్లేటు పారెయ్యాలి. ఎమిల్ ఊదా పెన్సిలుతో గడి కొట్టి, పక్కన తేదీ కూడా రాశాడు. దొంగతనంగా విన్న మధ్యాహ్నాలు కూడా వదల్లేదు. మొదటి ఆరు గళ్లు మామూలు షోలవి, ఆ తర్వాత ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదమూడు, పద్నాలుగు, పదిహేను తేదీలు. చివరిది పద్నాలుగో గడి. తేదీ పదహారు. గురువారం.

కొత్త ప్లేటు తన కవరులోనే ఉంది. నడిమధ్య నుంచి వెంట్రుకంత చీలిక, వేలికి తగులుతోంది. ఇరవై గళ్లలో ఒక్కటి కూడా కొట్టలేదు.

బూత్‌కూ కటింగ్ రూముకూ మధ్య తలుపు ఉంది. మంట తగలకుండా మందపాటి రేకు కొట్టిన తలుపు. వేస్తే అటు గదిలో మనిషి అరిచినా ఇటు వినబడదు. ఎమిల్ ఏమీ వినలేదంటే పోలీసులు నవ్వారట. నేను జెస్సప్‌ను అటు పంపి గట్టిగా అరవమన్నాను. తిరిగొచ్చి, "మూడుసార్లు అరిచాను సార్" అన్నాడు. నాకు ఒక్కటీ వినబడలేదు.

కటింగ్ రూములో హుల్డా బల్ల ఎలా ఉన్నది అలాగే ఉంది. కొక్కేనికి తెల్ల చేతితొడుగులు. కిటికీలో చిన్న సీసాలో మనీప్లాంటు లాంటి తీగ, నీళ్లు అడుగంటాయి. నేను కుళాయి తిప్పి ఆ సీసా నింపాను. వచ్చిన పని అది కాదు, అయినా నింపాను. ఈ గదికి ఇంకో తలుపు ఉంది. అది హాలు పక్క తలుపుకు ఎదురుగా, వరండాలోకి. నేను బయటికి వెళ్లి లాగి చూశాను. తాళం దానంతటదే పడింది. ఈ తలుపుకు తాళం పడి ఉంది కాబట్టి బయటివాళ్లు రాలేదన్న పోలీసు మాట అక్కడితో పోయింది.

అరలో ఒక రేకు డబ్బా. దాని మీద హుల్డా దస్తూరీ. 'పొరుగింటి దీపం. ఏడు. అరవై మూడు అడుగులు. బోర్డుకు.' మూత తీశాను. లోపల ఏమీ లేదు.

"ఖాళీ డబ్బాలో ఏం వెతుకుతున్నావురా వాసెక్? నీ భవిష్యత్తా?"

వెనక్కి తిరగకుండానే తెలిసింది. లెఫ్టినెంట్ టియర్నీ. గుమ్మానికి జారబడి, టోపీ వెనక్కి నెట్టి నిలబడ్డాడు. పోలీసుల్లో ఆరేళ్లు ఒకే కారులో తిరిగాం. ఒకడు తింటుంటే ఇంకొకడు కాపలా కాసేవాడు. లాకప్పులో ఒక ముద్దాయిని కొట్టి ఒప్పించిన కేసులో కోర్టు అడిగితే నేను ఉన్నది చెప్పాను. మర్నాడు డిపార్టుమెంటులో ఎవరూ నా బల్ల దగ్గరికి రాలేదు. వారం తర్వాత నేనే మానేశాను. మూడేళ్లయింది.

"ఈ డబ్బా నీ వాళ్లు తెరిచారా?" అన్నాను.

"చంపింది డబ్బాతో కాదుగా."

"ఇందులో అరవై మూడు అడుగుల ఫిలిం ఉండాలి. సెన్సార్ తీసేసిన ముక్క. ఊళ్లో పెద్దవాళ్ల ఇళ్లలో ఇలాంటి ముక్కలన్నీ అతికించి వేసుకునే షోల సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. ఇక్కడినుంచి అవి దాటించేవాడు ఒకడున్నాడు. హుల్డా వాణ్ణి అడగబోయింది."

"పేరు?"

"క్రాండల్."

టియర్నీ నవ్వాడు. "బోర్డు మెంబర్లతో భోజనం చేసే మనిషి. వారానికి మూడు కమిటీల్లో నీతి గురించి మాట్లాడతాడు. నువ్వేమో పెన్సిలు మరకల ముసలాణ్ణి వెనకేసుకొస్తున్నావు. యూనియన్ వాళ్లు జీతమేనా, భోజనం కూడా పెడుతున్నారా?"

"క్రాండల్ హాల్లో లేడు టియర్నీ. చీకట్లో చప్పుడు లేదని రాసిచ్చాడు. ఆ రోజు వేసింది పాత ప్లేటు. చీకట్లో మాట ఉంది." చీటీ చూపించాను, మిస్ పర్డీ మాట చెప్పాను.

అతను చీటీ పట్టుకుని రెండుసార్లు చూశాడు. కళ్లలో ఒక్క క్షణం నా పాత జోడీ కనబడ్డాడు. వెంటనే పోయాడు.

"ఈ గళ్లు నిన్న ఎవడైనా కొట్టొచ్చు. మాట ఉందో లేదో ఎవడికి తెలుసు?"

"పది నిమిషాలు కూర్చుని విను. క్రాండల్ కూర్చున్న కుర్చీలోనే."

"నీ మాట విని ఒకసారి కోర్టులో తలవంచుకున్నాను. చాలు." చీటీ నా చేతిలో పెట్టాడు. "రెండింటికి ముసలాణ్ణి నేనే తీసుకెళ్తున్నాను. ఈలోపు భోంచెయ్యాలి."

అతని బూట్ల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది.

*

క్రాండల్ గది కిందనే. పదకొండుంపావుకి నన్ను లోపలికి రమ్మన్నాడు. శుభ్రమైన బల్ల. గోడకు బోర్డు ఉత్తరాలు వరసగా. అతను లేచి చెయ్యి కలిపాడు.

"ఆ ముసలాయన కోసం మీరు పడే కష్టం చూస్తే ముచ్చటేస్తుంది వాసెక్‌గారూ. కూర్చోండి."

"ఒక్క సంగతి. గురువారం ఆ రీలు మధ్యలో మీరు లేచి వెళ్లారా? నీళ్లకో, మరి దేనికో?"

"లేవలేదు. బోర్డు జాబితా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను." ఒక కాగితం తీసి నా వైపు జరిపాడు. 'ఏడో రీలు: తలుపు దగ్గర లిడియా తన బిడ్డ గురించి సిగ్గు లేకుండా మాట్లాడే దృశ్యం. మాటలతో సహా తీసెయ్యాలి.' దాని పక్కన పచ్చ సిరాతో టిక్కు. "ఇదిగో, అప్పుడే అక్కడే టిక్కు పెట్టాను."

"చీకట్లో టిక్కు ఎలా పెట్టారు?"

"వెలుతురు రాగానే." చిన్నగా నవ్వాడు. "మీరు బాగా పట్టుకుంటారు."

"కాసేపు కునుకు పట్టి ఉంటుందేమో. మనిషన్నాక సహజం."

"నాకు పని దగ్గర నిద్ర రాదు."

"మరి ఆ నలభై రెండు సెకన్లలో మీకు ఏదీ వినబడలేదు. ప్లేటు గరగర కూడా?"

"ఏదీ. ఇదిగో, ఈ గడియారం ఒక్కటే." చొక్కా మణికట్టు కొద్దిగా పైకి లాగి చూపించాడు. మందంగా, బంగారు రంగులో ఉంది. "మాట లేకుండా చెయ్యమన్నారు, చేశాం. నా ఉద్యోగమే అది వాసెక్‌గారూ. ఇరవై తొమ్మిది సినిమాలకు చేశాను. కాగితం మీద ఉన్నదే తెర మీద ఉంటుంది."

అతను తన కాగితాన్ని నమ్మాడు. ఇరవై తొమ్మిది సార్లు అది నిజమైంది కూడా. ముప్పయ్యోసారి ఒక ముసలాయన చెయ్యి జారింది.

"ధన్యవాదాలు" అని లేచాను. "పైన ఒకసారి రీలు వేసి చూసుకుంటాను. మీకు అభ్యంతరం లేదుగా?"

"తప్పకుండా. కొత్త ప్లేటు ఉంది కదా."

"ఉంది" అన్నాను. అంతవరకు నిజమే.

*

"పదిహేనో గడి కొట్టెయ్యనా సార్?" అన్నాడు జెస్సప్.

"కొట్టెయ్. తేదీ కూడా వెయ్యి. పద్దెనిమిది. రీలు అయ్యేదాకా బూత్ వదలకు."

కిందికి వచ్చి క్రాండల్ చెప్పిన కుర్చీలో కూర్చున్నాను. నలభై కుర్చీల హాలు, నేనొక్కణ్ణే. దీపాలు ఆరాయి. పదకొండూ నలభై.

సినిమా మామూలే. ఊరంతా మొహం మీద తలుపులు వేసిన ఒక పడుచు, ఒళ్లో బిడ్డ. అయిదు నిమిషాలు దాటాయి. తలుపు తట్టిన చప్పుడు. లిడియా లేచింది. గడప దగ్గరికి నడిచింది. నల్ల ఫిలిం వచ్చింది.

నా చెయ్యి నాకే కనబడనంత చీకటి. ఆ చీకట్లో, చెవి పక్కన కూర్చుని చెబుతున్నట్టు, ఆ గొంతు.

"ఎవరు? ... మీరేనని తెలుసు. నలుగురూ కలిసే వచ్చి ఉంటారు, ఒక్కరు వచ్చే ధైర్యం మీకు లేదు."

గట్టిగా మాట్లాడటం లేదు. అలసిపోయి మాట్లాడుతోంది.

"సిగ్గుపడాల్సింది నాకేమీ లేదు. ఒంటరిదాన్ని, అంతే. ఆ రెండూ ఒకటే అనుకునేవాళ్లకు ఈ తలుపు తియ్యను."

ఈ మాటల కోసమా బోర్డు నాలుగు ఉత్తరాలు రాసింది అనుకున్నాను. ఆ తర్వాత ఇంకేమీ అనుకోలేకపోయాను. నేనుండే అద్దె గదిలో నాతో మాట్లాడేది పక్కింటివాళ్ల రేడియో ఒక్కటే. అది కూడా గోడ అవతల. ఎమిల్ ఆ మధ్యాహ్నాలు ఎందుకు దాచుకున్నాడో నాకు అప్పుడు వివరంగా తెలిసింది. రొట్టె పట్టుకుని వచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చున్న హుల్డా కూడా అర్థమైంది.

"మీరు వెళ్లిపోతే నాకేమీ కాదు" అంటోంది గొంతు. "వెళ్లిపోయేవాళ్లు నాకు అలవాటే. బిడ్డ నిద్రపోతోంది, మెల్లిగా నడ..."

ఆగిపోయింది.

ప్లేటులో మౌనం కాదు అది. మాట మధ్యలో ముల్లు ఎత్తిన తెంపు. ఆ వెంటనే పైన ఏదో నేలకేసి కొట్టినట్టు పెళ్లున పగిలింది. మళ్లీ ఒకసారి.

చీకట్లో రెండు కుర్చీలు తన్నుకుని మెట్లెక్కాను. బూత్ తలుపు తీసి ఉంది. జెస్సప్ లేడు. యంత్రం ఒక్కటే తిరుగుతోంది. క్రాండల్ నిలబడి ఉన్నాడు, కాళ్ల దగ్గర నల్లని పెంకులు.

"జెస్సప్ ఏడీ?"

"గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారని పంపాను." కొద్దిగా రొప్పుతున్నాడు, అంతే. "వరండాలో వెళ్తుంటే వినిపించింది. తీసేసిన మాట నా స్టూడియోలో వినబడితే ఊరుకుంటానా? ఆపబోయాను, మోచెయ్యి తగిలింది. పాత ప్లేట్లు కదా."

"రెండుసార్లు తగిలిందా?"

చొక్కా మణికట్టు సర్దుకున్నాడు. నేను వంగి మధ్య పెంకు తీశాను. చీటీ చెక్కుచెదరలేదు. పదిహేను గళ్లు, ఊదాగీతలు.

"దాచుకోండి" అన్నాడు. "చీటీ మాట్లాడదు వాసెక్‌గారూ. ఈ ప్లేటులో ఏముందో చెప్పగలిగింది ఇద్దరే. ఒకడు హంతకుడు, ఇంకొకడు వాడి తరఫున యూనియన్ దగ్గర కూలి తీసుకునేవాడు. గేటు నుంచి తిరిగొచ్చే కుర్రాడు యంత్రం నడిపాడు, అంతకుమించి ఏమీ వినలేదంటాడు. ఉద్యోగం కావాలి కదా."

నిజమే. ఆ గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు. మూల అచ్చు పగలగొట్టారు, మిగతావి పొడి చేశారు. రెండు గంటల్లో టియర్నీ ఎమిల్‌ను తీసుకెళ్లి నిలబెడతాడు. నా చేతిలో పెంకు చల్లగా ఉంది. దాన్ని పట్టుకుని జడ్జికి ఏం చెప్పాలో ఒక్క వాక్యం కూడా తట్టలేదు.

అప్పుడు బొమ్మ వెళ్లే గోడ రంధ్రంలోంచి, కింద చీకటి హాల్లోంచి, ఒక మగ గొంతు వినబడింది. పాఠం అప్పజెప్పినట్టు, ఏ భావమూ లేకుండా.

"'సిగ్గుపడాల్సింది నాకేమీ లేదు. ఒంటరిదాన్ని, అంతే. ఆ రెండూ ఒకటే అనుకునేవాళ్లకు ఈ తలుపు తియ్యను.'"

క్రాండల్ మొహం తిప్పి ఆ రంధ్రం వైపు చూశాడు.

"ఆఖరి వరసలో కూర్చున్నాను" అంది ఆ గొంతు. టియర్నీ. "భోజనానికి బయల్దేరాను గానీ, మెతుకు సహించేట్టు లేదనిపించి తిరిగొచ్చాను. దాదాపు నలభై సెకన్లు ఆ అమ్మాయి మాట్లాడింది. ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. గురువారం ఇదే వేశారు, ఇంకో ప్లేటు లేదు. ఆ కుర్చీలో ఉన్నవాడు వినకుండా ఉండటం కుదరదు క్రాండల్. చెవిటివాడైనా కావాలి, కుర్చీలో లేకుండానైనా ఉండాలి."

కుర్చీ చెక్క వెనక్కి కొట్టుకున్న చప్పుడు. లేచాడు.

"వాసెక్."

"ఊఁ."

"వరండా తలుపు దగ్గర నిలబడు. వాణ్ణి కదలనివ్వకు. నేను పైకొస్తున్నాను. రెండింటికి జడ్జి దగ్గరికి వేరే మనిషిని తీసుకెళ్లాలి." కుర్చీల మధ్య అడుగులు పడ్డాయి. "ముసలాయనకు ఈ మాట నువ్వే చెప్పు. నా మొహం చూస్తే భయపడతాడు."

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. రీలు అయిపోయింది. ఫిలిం కొస రెండుసార్లు టపటపమని కొట్టుకుంది. నేను చెయ్యి చాచి యంత్రం ఆపాను. మెట్ల మీద టియర్నీ బూట్లు ఇంకా వినబడటం లేదు.

క్రాండల్ కదల్లేదు. 

ఆ బూత్‌లో ఇప్పుడు చిన్న చప్పుడు కూడా లేదు. అతని చేతి గడియారం నడక నాకు కూడా స్పష్టంగా వినిపించింది.